ఇంగ్లండ్‌లో గ్రేడ్ టూ లిస్టెడ్ ఇల్లు కొన్నాం, వెనక ఎక్స్‌టెన్షన్ వేసుకోనిస్తారా?

నమస్తే అండి. మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఓసారి చెప్తాను, పొరబడితే సరిదిద్దండి. నార్తాంప్టన్‌షైర్‌లో ఒక పల్లెలో 1780ల నాటి రాతి ఫార్మ్‌హౌస్ కొన్నారు. విడిగా ఉన్న ఇల్లు, గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చారిత్రక విలువ ఉందని చట్టప్రకారం జాబితాలో చేర్చి కాపాడే కట్టడం. వంటిల్లు ఇరుకు. అమ్మానాన్నలు వచ్చి మీ దగ్గరే ఉండబోతున్నారు, మెట్లెక్కలేరు కాబట్టి కిందే ఒక బెడ్‌రూమ్, బాత్‌రూమ్ కావాలి. వెనక గోడ మొత్తం తీసేసి, ఆరు మీటర్లు పెరట్లోకి జరిపి, పెద్ద ఓపెన్ కిచెన్‌తో స్కెచ్ గీయించారు. బిల్డరేమో "వెనక వైపే కదా, పర్మిషన్ అక్కర్లేదు" అన్నాడు. మీ ఫ్రెండేమో "లిస్టెడ్ ఇంట్లో మేకు కూడా కొట్టనివ్వరు, మర్చిపో" అన్నాడు. ఎవరి మాట నిజం అని అడిగారు.

ఇద్దరిదీ కాదు. ఎక్స్‌టెన్షన్‌కి అనుమతి వస్తుంది. కానీ అది చేతికొచ్చేదాకా ఒక్క రాయి కదపకూడదు. మీ స్కెచ్ ఇప్పుడున్నట్టే పెడితే మాత్రం దాదాపు ఖాయంగా తిప్పి పంపుతారు. తిప్పి పంపేది ఆరు మీటర్ల కోసం కాదు, ఆ వెనక గోడ కోసం.

నేను ఇక్కడ పాత ఇళ్ళ పనులే చేసే ఆర్కిటెక్ట్‌ని, పంతొమ్మిదేళ్ళవుతోంది. కిందదంతా ఇంగ్లండ్‌కి వర్తించే సంగతి. స్కాట్లండ్‌లో గ్రేడ్‌లే వేరు (అక్కడ ఏ, బీ, సీ అంటారు), వేల్స్‌కి 2023లో సొంత చట్టం వచ్చింది. అక్కడి వాళ్ళు ఇది చదివి అప్లికేషన్ పెట్టేయకండి.

ముందు బిల్డర్ మాట సంగతి. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదు, మామూలు ఇంటికి సరిపోతుంది. విడిగా ఉన్న ఇంటికి వెనక నాలుగు మీటర్ల దాకా ఒక అంతస్తు కడితే, కొన్ని షరతులకు లోబడి ప్లానింగ్ పర్మిషన్ అడగక్కర్లేదు. కానీ మీకు అసలు కావాల్సింది లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్. అది వేరే అనుమతి, దాని చట్టం కూడా వేరు, 1990 నాటిది. అందులో మీటర్ల లెక్కే లేదు. ఆ కట్టడం చారిత్రక స్వభావాన్ని తాకే ఏ మార్పుకైనా, కూల్చినా, కలిపినా, కన్సెంట్ తీసుకోవాలి. ముందు వైపా వెనక వైపా, రోడ్డు మీంచి కనిపిస్తుందా లేదా అన్న తేడా లేదు. లోపల మెట్లు, తలుపులు, పాత సున్నపు పూత కూడా అందులోకే వస్తాయి. కన్సెంట్ లేకుండా చేస్తే అది జరిమానా కట్టి వదిలించుకునే వ్యవహారం కాదు, క్రిమినల్ నేరం. జరిమానాకి పై హద్దు లేదు, రెండేళ్ళ దాకా జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. "లిస్టెడ్ అని మాకు తెలియదు" అంటే కోర్టు వినదు. చేసిన పని పాతబడితే మర్చిపోతారనీ అనుకోవద్దు. దీని మీద ఈ అనుమతులిచ్చే స్థానిక కౌన్సిల్ నోటీసు ఇవ్వడానికి కాలపరిమితి లేదు.

ఇక మీ ఫ్రెండ్ భయం. ఇంగ్లండ్‌లో లిస్టెడ్ కట్టడాల్లో నూటికి తొంభై పైగా గ్రేడ్ టూవే. అన్నిటికంటే పై మెట్టు గ్రేడ్ వన్, అది రెండున్నర శాతం. అంటే మీ ఇంటి లాంటివి లక్షల్లో ఉన్నాయి, జనం వాటిలో కాపురాలు చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు, వంటిళ్ళు పెంచుకుంటున్నారు. అసలు ఈ ఇళ్ళన్నీ ఎప్పటికప్పుడు పెరుగుతూ వచ్చినవే. మన గోదావరి వైపు మండువా లోగిలికి తాతగారి కాలంలో ఒక పంచ, నాన్నగారి కాలంలో ఒక గది చేరినట్టు. ఆ పెరుగుదలని ఆపడం ఎవరి ఉద్దేశమూ కాదు.

అసలు కిటుకు ఎక్కడుందంటే, మీరెంత కడుతున్నారు అన్నదానికంటే, ఏం పగలగొడుతున్నారు అన్నది ఎక్కువ లెక్క. కొత్తగా కట్టినదాన్ని రేపు ఎవరైనా తీసేయగలరు. పోయిన పాత గోడని ఎవరూ తిరిగి తేలేరు. కన్జర్వేషన్ ఆఫీసర్, అంటే కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే అధికారి, బుర్రలో ఎప్పుడూ తిరిగేది ఇదే. మీ ప్లాన్ చేతికివ్వగానే ఆ ఆఫీసర్ మొదట చూసేది మీ కొత్త గదుల్ని కాదు, ఎర్రగీతతో గుర్తు పెట్టిన కూల్చివేతల్ని.

ఓ ఇంటి కథ చెప్తాను. సఫోక్‌లో గడ్డికప్పు కాటేజ్, పదిహేడో శతాబ్దం నాటిది. ఆ ఇంటివాళ్ళు నా దగ్గరకు వచ్చేసరికే ఒక అప్లికేషన్ తిరస్కరణ అయింది. వెనక గోడలో నాలుగు మీటర్ల ఖాళీ చేసి రెండంతస్తుల భాగం కలుపుతామని అడిగారు. నేను కన్జర్వేషన్ ఆఫీసర్‌ని ఇంటికి రమ్మని పిలిచాను. ఆవిడ కొత్త ప్లాన్ విప్పనే లేదు. టార్చి తీసి, మెట్ల కింద అల్మరాలోకి మోకాళ్ళ మీద వెళ్ళి, అక్కడే ఇరవై నిమిషాలు కూర్చుంది. నన్నూ రమ్మంది. లోపలి వైపు పూత రాలిన చోట గోడ గుండె కనిపిస్తోంది. కర్రల మధ్య అల్లిన తడిక, దాని మీద గడ్డి కలిపి మెత్తిన మట్టి. అచ్చం మన పల్లెటూళ్ళో తడికె గోడే. ఆ మట్టి మీద నాలుగు వేళ్ళతో అదిమి లాగిన గీతలు, ఒక అరచేతి మడమ ముద్ర. మూడొందల యాభై ఏళ్ళ కిందట ఆ గోడ మెత్తిన మనిషి చెయ్యి. పక్క కర్ర మీద ఉలితో చెక్కిన రోమన్ అంకె కూడా ఉంది. వడ్రంగులు నేల మీద చట్రం కూర్చి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియడానికి వేసుకునే గుర్తు అది. "మీవాళ్ళు నన్ను తీసేయమంటున్నది దీన్నే" అంది ఆవిడ. అంతకుముందు అప్లికేషన్‌లో ఆ గోడ గురించి రాసింది ఒకే లైను, "వెనక గోడ, విశేషమేమీ లేదు" అని!

ఆ ఇంటికే వెనక ఇంకో మూల 1970ల్లో ఎవరో వేసిన చదును కప్పు వంటిల్లు ఉంది, కాంక్రీటు ఇటుకలు, కప్పు మీద నీళ్ళు కారే ఫెల్ట్ (తారు పూసిన పరుపు). దాన్ని కూల్చి, అదే చోట ఒక అంతస్తు కట్టాం. పాత ఇంటికీ కొత్తదానికీ మధ్య మీటరున్నర గాజు నడవ పెట్టాం. లోపలికి దారి ఎప్పట్నించో ఉన్న పెరటి గుమ్మమే, గోడలో కొత్తగా ఒక్క రంధ్రం లేదు. కొత్త కప్పు కొప్పు పాత ఇంటి చూరు కిందే ఆగింది. కన్సెంట్ వచ్చింది. వాళ్ళు మొదట అడిగిన దానికన్నా విస్తీర్ణం ఐదారు చదరపు మీటర్లే తక్కువ.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని స్కెచ్ మార్చడం కాదు. ఇంటి చుట్టూ తిరిగి, ఇంతకుముందే చెయ్యి పడిన చోటు ఏదో వెతకండి. మీ ఫోటోల్లో వెనక ఎడమ వైపు ఒక ఇటుక ముక్క కనిపిస్తోంది, పక్కనంతా తేనె రంగు రాయి అయితే అక్కడ మాత్రం ఎర్ర ఇటుక. అది ఇరవయ్యో శతాబ్దంలో చేర్చిన లాండ్రీ గదో ఏదో అయ్యుంటుంది. నేనైతే అక్కణ్ణించే మొదలుపెడతాను. దానిలోంచి పాత ఇంట్లోకి ఇప్పటికే తలుపుంటే సగం యుద్ధం గెలిచినట్టే.

గుమ్మం సరిపోదనుకుంటే, ఉన్న కిటికీని అదే వెడల్పుతో నేల దాకా దించి గుమ్మంగా మార్చడం చాలాసార్లు ఒప్పుకుంటారు. వెడల్పు పెంచుతామంటే మాత్రం ఆఫీసర్ ముఖం మారుతుంది. "ఓపెన్ ప్లాన్" అన్న మాట మాత్రం పాత ఇంటి విషయంలో మర్చిపోండి. పాత గదులు గదుల్లాగే ఉండాలి, విశాలమంతా కొత్త భాగంలో తెచ్చుకోవాలి. మన వంటకి నిజానికి ఇదే మేలు. పోపు పొగ కోసం ఎగ్జాస్ట్ పైపు బయటికి తీయాలంటే రాతి గోడలో ఆరంగుళాల రంధ్రం పడాలి, దానికీ కన్సెంట్ కావాలి. పొయ్యి, సింకు, అమ్మానాన్నల బాత్‌రూమ్ మూడూ కొత్త భాగంలోనే పెట్టేస్తే పైపులన్నీ కొత్త గోడల్లోంచే పోతాయి, గొడవ ఉండదు.

కొత్తది పాతదానిలా ఉండాలా, ఆధునికంగా ఉండాలా అని అందరూ అడుగుతారు. దీనికి ఒకటే సమాధానం లేదు, ఆఫీసర్‌ని బట్టి కొంత మారుతుంది కూడా. నా అభిప్రాయం అడిగితే, నకిలీ పాతదనం కంటే నిజాయితీ గల కొత్తదనం నయం. కానీ ఏ శైలిలో ఉన్నా అణిగి ఉండాలి, అంటే ఎత్తులో, వెడల్పులో, చూడగానే పడే ముద్రలో పాత ఇల్లే పెద్దగా కనిపించాలి. ఆరు మీటర్లు వెనక్కి జరిగినా ఇబ్బంది లేకపోవచ్చు గానీ, ఇంటి వెనక ముఖమంతా కప్పేస్తే ఇబ్బందే. అడ్డంగా పరిచే బదులు ఒక పక్కకి తోకలా పొడుగ్గా తీయండి. పాత ఫార్మ్‌హౌస్‌లకి పశువుల కొట్టాలు అలాగే ఉండేవి, కంటికి ఎబ్బెట్టుగా ఉండదు.

అమ్మానాన్నల అవసరం గురించి నిక్కచ్చిగా చెప్తాను, నొచ్చుకోవద్దు. చారిత్రక కట్టడానికి ఏ కొంచెం హాని జరిగినా దాన్ని "ప్రజా ప్రయోజనం"తో తూచాలని ఇక్కడి జాతీయ ప్లానింగ్ విధానం చెప్తుంది. మన ఇంట్లో మనకి సుఖంగా ఉండడం ప్రజా ప్రయోజనం కిందికి రాదు. పెద్దవాళ్ళ నడక సమస్య గురించి రాయండి, డాక్టర్ లెటర్ ఉంటే జత చేయండి, మనుషులే కాబట్టి చదువుతారు. కానీ అప్లికేషన్‌ని ఆ కాళ్ళ మీద నిలబెట్టొద్దు. హానినే తూకం దాకా రానివ్వని డిజైన్ ఇస్తే ఈ బాధే ఉండదు.

వాస్తు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మన క్లయింట్లలో పదిమందికి ఏడుగురు అడుగుతారు. ముందు గుమ్మం తూర్పుకి మార్చడం, నైరుతిలో మెట్లు తీయించడం లాంటివి అప్లికేషన్‌లో రాయకండి, అది వాళ్ళ తూకంలో పడే రాయి కాదు. ఒకాయనకి దక్షిణ గుమ్మం నచ్చలేదు, మూసేయాలని పట్టు పట్టారు. పద్దెనిమిదో శతాబ్దపు ద్వారబంధం, పైన చెక్కిన రాయి, కుదిరే పని కాదు. చివరికి కొత్త భాగానికి తూర్పున ఒక తలుపు పెట్టాం, గృహప్రవేశం అందులోంచే చేశారు. పాత ముందు గుమ్మానికి పోస్ట్‌మ్యాన్ తప్ప ఎవరూ రారు. అందరూ సంతోషమే.

కాగితాల పని. ఆరు మీటర్లు అంటున్నారు కాబట్టి ప్లానింగ్ పర్మిషన్, లిస్టెడ్ కన్సెంట్ రెండూ ఒకే ఫారంలో అడగొచ్చు, ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. కన్సెంట్‌కి ఫీజు లేదు. ప్లానింగ్‌కి ఉంది, ఇంటి ఎక్స్‌టెన్షన్‌కి 2025 ఏప్రిల్‌లో 258 పౌండ్ల నుంచి 528కి పెంచారు, ఏటా ఏప్రిల్‌లో సవరిస్తారు కాబట్టి కట్టే రోజు చూసుకోండి. కొలిచి గీసిన ప్లాన్లు, లొకేషన్ మ్యాప్, వీటితో పాటు హెరిటేజ్ స్టేట్‌మెంట్ అనే కాగితం కావాలి. జనం బోల్తా పడేది ఈ చివరిదాని దగ్గరే. ఇంటర్నెట్‌లో దొరికిన పది పేజీల నమూనాలో ఊరి పేరు మార్చి పెడతారు. అందులో ఉండాల్సింది ఇంగ్లండ్ చరిత్ర కాదు, మీ ఇంటి చరిత్ర. ఏ గోడ ఎప్పటిది, ఏది తర్వాత చేరింది, మీరు తాకేది ఏది, దాని విలువెంత.

దీనికి కౌంటీ రికార్డ్ ఆఫీసుకి వెళ్ళండి. 1840ల ప్రాంతపు టైథ్ మ్యాపులు, అంటే చర్చికి కట్టే పన్ను లెక్కల కోసం గీసినవి, చాలా ఊళ్ళకి ఉంటాయి. ఆ తర్వాత ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ, గీసిన పాత మ్యాపులు. ఒక్కో మ్యాపు మీద మీ ఇంటి ఆకారం చూసుకుంటూ రండి. ఒకసారి నాకు ఇంటి వెనక, మేం కట్టాలనుకున్న చోటే, 1880ల మ్యాపులో ఒక కొట్టం కనిపించింది. తర్వాతి మ్యాపులో లేదు. ఆ ఒక్క కాగితంతో "ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదు" అన్న అభ్యంతరం మాయమైంది.

మీ ఇంటి లిస్ట్ ఎంట్రీ, అంటే జాబితాలో మీ ఇంటి గురించి రాసింది, హిస్టారిక్ ఇంగ్లండ్ (చారిత్రక కట్టడాల ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో రెండు పేరాలే ఉన్నాయని, లోపలి సంగతి రాయలేదని సంబరపడొద్దు. పాత ఎంట్రీలు ఇంటిని గుర్తుపట్టడానికి రాసినవే. రాయనిది కూడా లిస్టెడే. పెరట్లో ఉన్న రాతి పందుల కొట్టం పడగొడదామనీ రాశారు, అదీ ఇంతే. 1948 జూలై 1కి ముందు నుంచీ ఇంటి ఆవరణలో ఉన్న కట్టడాన్ని మామూలుగా ఇంటితో పాటు లిస్టెడ్‌గానే చూస్తారు. పడగొట్టకండి. బాగుచేసి అమ్మకి పచ్చళ్ళ గది చేయండి, ఆఫీసర్ దగ్గర మంచి మార్కులు పడతాయి.

అప్లికేషన్‌కి ముందు కౌన్సిల్‌తో ప్రీ-అప్లికేషన్ సలహా తీసుకోండి. చాలా కౌన్సిళ్ళు డబ్బు తీసుకుంటాయి, ఒక్కో చోట ఒక్కో రేటు. అయినా ఇది దండగ ఖర్చు కాదు. ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు పూర్తయిన డ్రాయింగులు కాకుండా రెండు మూడు ముతక స్కెచ్‌లు చూపించండి. "మీరైతే ఎక్కడ కడతారు?" అని అడగండి. తనూ ఓ చెయ్యి వేసిన ప్లాన్‌ని ఎవరూ అంత తేలిగ్గా కాదనరు.

చట్ట ప్రకారం నిర్ణయానికి ఎనిమిది వారాలు. నా ఫైళ్ళలో ఎక్కువ వాటికి పది పన్నెండు వారాలు పట్టింది. మొదటి ఫోన్ నుంచి పునాది తవ్వేదాకా ఏడాది అనుకుని మనసు సిద్ధం చేసుకుంటే టెన్షన్ ఉండదు. కన్సెంట్ వచ్చాక మూడేళ్ళ లోపు పని మొదలుపెట్టాలి. అయితే కన్సెంట్ కాగితం వెనక షరతులుంటాయి, అవి చదవకుండా మేస్త్రిని పిలవొద్దు. రాయి శాంపిల్, సున్నం రంగు, కిటికీ చెక్క కోతల డ్రాయింగు ఇవన్నీ ముందు ఒప్పించుకోవాలి. ఒక్కోసారి చదరపు మీటరు గోడ నమూనాగా కట్టి చూపించమంటారు.

సున్నం అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. మీ బిల్డర్ "సిమెంటుతో సందులు పూడ్చేద్దాం" అంటే అక్కడే ఆపండి. మీ వైపు రాయి మెత్తనిది. సున్నపు గచ్చు మెత్తగా ఉండి తేమని బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. దాంతో తేమ రాయిలోంచే పోవాల్సొచ్చి, చలికాలంలో గడ్డకట్టి, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. గానుగ సున్నంతో కట్టిన మన తాతల ఇళ్ళకి సిమెంటు పూత వేసి గోడలు పాడుచేసుకున్న వాళ్ళం మనం, మళ్ళీ ఇక్కడ అదే పని వద్దు.

డబ్బు లెక్కలో ఒకటి గుర్తుంచుకోండి. లిస్టెడ్ ఇంట్లో అనుమతి పొందిన మార్పులకి వ్యాట్ ఉండదని ఎవరైనా చెప్తే అది పాత మాట, 2012 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. ఇరవై శాతం వేసుకునే బడ్జెట్ రాయండి.

ఇంకోటి, మీ ముందు ఓనర్ల పాపాలు. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ముచ్చటపడి కొన్న ఇంట్లో వెనక కిటికీలన్నీ ప్లాస్టిక్‌వి. అమ్మినవాళ్ళు కన్సెంట్ లేకుండా పెట్టించారు. వీళ్ళు ఎక్స్‌టెన్షన్ కోసం అప్లై చేసి ఆఫీసర్ని పిలిస్తే, ఆయన కిటికీలు చూశాడు. తప్పు చేసినవాళ్ళ మీద కేసు వీళ్ళ మీదకి రాదు, కానీ సరిచేసే నోటీసు ఇప్పటి ఓనర్‌కే వస్తుంది. ఏడు చెక్క కిటికీలు చేయించాల్సొచ్చింది. మీ ఇంట్లోనూ పిలిచే ముందు ఒకసారి తిరిగి చూసుకోండి, కొన్నప్పటి సొలిసిటర్ (లాయర్) ఫైలు తీయండి. తేడా ఏదైనా కనిపిస్తే దాచే ప్రయత్నం చేయొద్దు. "దీన్ని కూడా ఇదే అప్లికేషన్‌లో సరిచేస్తాం" అని మీరే ముందుగా చెప్తే అది మీకు అనుకూలంగా మారుతుంది.

తిరస్కరిస్తే అప్పీల్‌కి ఫీజు లేదు, ఇలాంటి అప్పీళ్ళు వినే ప్రభుత్వ సంస్థ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి వెళ్ళొచ్చు. నేను మాత్రం సాధారణంగా అప్పీల్ కంటే సవరించి మళ్ళీ పెట్టడమే చేస్తాను. అప్పీల్ గెలిచినా, షరతుల కాగితాలతో మళ్ళీ అదే ఆఫీసర్ బల్ల దగ్గరికే వెళ్ళాలి కదా.

ఆర్కిటెక్ట్‌ని ఎంచుకునేటప్పుడు ఆర్‌ఐబీఏ (ఇక్కడి ఆర్కిటెక్ట్‌ల సంఘం) కన్జర్వేషన్ రిజిస్టర్ చూడండి. అంతకంటే ముఖ్యంగా, మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గత రెండు మూడేళ్ళలో మీ చుట్టుపక్కల లిస్టెడ్ ఇళ్ళకి వచ్చిన అనుమతులు వెతకండి. డ్రాయింగులు, ఆఫీసర్ రిపోర్టులు అన్నీ జనం చూడొచ్చు. తిరస్కరించిన వాటి రిపోర్టులు నాలుగు చదివితే మీ ఆఫీసర్‌కి ఏది నచ్చదో తెలిసిపోతుంది.

చివరగా నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. కొత్తల్లో ఒక ఇంటికి అన్నీ సిద్ధం చేసి సెప్టెంబర్ ఆఖర్లో అప్లికేషన్ పెట్టాను. కౌన్సిల్ నుంచి మెయిల్: "గబ్బిలాల సర్వే ఏది?" ఇక్కడ గబ్బిలాలకీ అవి ఉండే చోటికీ చట్ట రక్షణ ఉంది. పాత పెంకుల కప్పుని కొత్త కప్పుతో కలుపుతున్నామంటే వాటి సంగతి తేల్చాలి. పగలు అటక చూసే సర్వే ఏ నెలలోనైనా చేస్తారు గానీ, ఏదైనా ఆనవాలు దొరికితే సాయంత్రం అవి బయటికి వచ్చేటప్పుడు లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబర్ దాకానే. మాకు ఆ సీజన్ అయిపోయింది, మొత్తం ఎనిమిది నెలలు పోయాయి, క్లయింట్ నాతో మాట్లాడడం మానేశాడు. మీ ఫోటోల్లో అటక కిటికీ గూట్లో నల్లని చిన్న రెట్టలు కనిపిస్తున్నాయి. ఎలుకలవి అయితే వేళ్ళ మధ్య నలిపితే నలగవు, గబ్బిలాలవి పొడి పొడిగా రాలతాయి. చేతికి తొడుగు వేసుకుని ఈ వారాంతం చూడండి. పొడి అయితే ప్లాన్ సంగతి తర్వాత, ముందు సర్వేవాళ్ళకి ఫోన్ చేసి మే నెలలో డేటు తీసుకోండి, వేసవి వచ్చేసరికి వాళ్ళ డైరీ నిండిపోతుంది.